పడవ బూట్ల బెంజమిన్

పాపికొండల లాంచీలో ముందు వరస కుర్చీల్లో మహిమ పక్కన కూర్చోవాలి. ఆ రోజుకి బెంజమిన్ అనుకున్నది అంతే. అతను ఇల్లందు బొగ్గు గనిలో ఫిట్టరు, పగటి డ్యూటీ. అతని భార్య మహిమ దవాఖానాలో నర్సు, రాత్రి డ్యూటీ. పెళ్లయి ఏళ్లు గడిచినా వాళ్లు కలుసుకునేది వాకిట్లోనే, తాళంచెవి చేతులు మారే కాసేపు. తలదిండుకు అంటిన ఆమె కొబ్బరినూనె వాసనే రాత్రిళ్లు అతనికి తోడు.

రెండువేల ఆరు చలికాలంలో ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరికింది. ఆ సంబరంలో బెంజమిన్ ఖమ్మం వెళ్లి పడవల మీద తొడుక్కునే బూట్లు కొన్నాడు. గోధుమరంగు తోలు, తెల్లని రబ్బరు అడుగు, దాని నిండా సన్నని గాట్లు. తడి చెక్క మీద కూడా జారవన్నాడు షాపతను. మహిమ డ్యూటీ దిగగానే చీకటితోనే ఇద్దరూ బయల్దేరారు.

పోచవరం రేవులో మహిమ ఇడ్లీలు కట్టించుకు రావడానికి వెళ్లింది. ఈలోగా బెంజమిన్ లాంచీ ఎక్కడానికి వేసిన తడి బల్ల మీద బూట్లను పరీక్షించసాగాడు. అందరూ ఒకరినొకరు పట్టుకుని జారుతుంటే అతనొక్కడే పెళ్లికొడుకులా నడుస్తున్నాడు.

సత్తుపల్లి నుంచి బంధుబలగంతో వచ్చిన చెంచురామయ్య అది చూసి, లాంచీ మనిషనుకున్నాడు.

"ఏవయ్యా, మా ఆవిణ్ణి కాస్త చెయ్యి పట్టి ఎక్కించు."

పెద్దావిడ కదా అని బెంజమిన్ సుశీలమ్మను ఎక్కించాడు. వెంటనే ఆమె చెల్లెలు చెయ్యి చాపింది. తర్వాత తోటికోడలు, ఆ తర్వాత ఉప్మా గిన్నె. గిన్నె లోపల దించి వెనక్కి తిరిగేసరికి బల్ల తీసేశారు, లాంచీ కదిలింది. ఒడ్డున మహిమ ఇడ్లీ పొట్లంతో నిలబడి ఉంది.

"ఆపన్నా! నా భార్య ఒడ్డుమీదున్నది!"

లాంచీ నడిపే గోప్యా అతణ్ణి చెంచురామయ్య వాళ్ల వంటమనిషనుకున్నాడు. "ఎనక లాంచీల వస్తది తియ్. జల్దీ పోయి మీవోళ్లకు ఉప్మా పెట్టు."

అటు సుశీలమ్మ విస్తరి ముందు పెట్టుకుని కూర్చుంది. "బాబూ, చట్నీ ఏదీ?"

"నాకెరుకలేదమ్మా! నా భార్య..."

"ఆవిడ దగ్గరుందా? పిలువు మరి!"

కొండలు దగ్గరవుతుంటే బెంజమిన్ వంగి ఉప్మా వడ్డిస్తున్నాడు. పని తెమిలాక లాంచీ వెనక్కి పరుగెత్తాడు. దూరంగా మరో లాంచీ వస్తోంది. దాని ముందు కొసన ఆకుపచ్చ చీర. ఎంత దూరమైనా ఆ నిలబడే తీరు అతనికి తెలుసు. గరిటె ఉన్న చెయ్యే ఎత్తాడు. అక్కడా ఒక చెయ్యి లేచింది. ఇంట్లో ఎన్నడూ వాళ్లు అంతసేపు ఒకరినొకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం రెండు లాంచీలూ ఇసుకతిన్నె దగ్గర ఆగాయి. మహిమ పరుగున వచ్చింది.

"ఏందయ్యా, నన్నిడిసిపెట్టి కొత్త నౌకరీల చేరినవా?"

"కొండలు చూసినవా మహిమా?"

"యాడ చూసిన? పొద్దటిసంది నీ లాంచీ దిక్కే చూస్తున్న. నువ్వు?"

"ఉప్మా పెట్టిన."

మహిమ నవ్వీ నవ్వీ ఇసుకలోనే కూలబడింది.

తిరుగు ప్రయాణంలో ముందు వరస కుర్చీలు దొరికాయి. మహిమ అతని చేతిని తన ఒళ్లోకి తీసుకుంది. వాకిట్లో చెప్పడానికి వీలు కాని మాటలన్నీ ఇప్పుడు చెప్పాలని బెంజమిన్ గొంతు సవరించుకున్నాడు. ముందురోజు నుంచి కునుకు తీయని మహిమ అప్పటికే అతని భుజం మీద నిద్రపోయింది. కదిలితే లేస్తుందని అతను బిగుసుకుని కూర్చున్నాడు. కాసేపటికి అతని కళ్లూ మూతపడ్డాయి. పాపికొండలు రెండు పక్కలా వచ్చి, వెళ్లిపోయాయి.

ఆదివారం చర్చి బయట పక్కింటి బ్లెస్సీ "కొండలెట్లున్నయి అక్కా?" అని అడిగితే, ఇద్దరూ ఒకేసారి "మస్తున్నయి" అన్నారు.