మామగారి వాచీ, మూడు రౌండ్లు

ఆరింటికి పార్కు చేరడం, అర రౌండు పరిగెత్తడం, పంపు షెడ్డు వెనక బెంచీ మీద ఆయాసం తీర్చుకోవడం, ఏడింటికి అలసిన మొహంతో ఇల్లు చేరడం. వాచీ మెకానిక్ ఆ ఉదయం వేసుకున్న పథకం ఇంతే. డాక్టరు పరిగెత్తమన్నాడు గానీ ఎంత జోరుగానో చెప్పలేదు. తోడల్లుడు కూడా అదే పార్కుకు రాకపోయి ఉంటే, ఆ మెల్లని పరుగు అతనికి హాయిగానే ఉండేది.

పెద్దల్లుడు మూడు రౌండ్లు ఇరవై నాలుగు నిమిషాల్లో చుట్టేస్తాడు. పైగా ఆ లెక్క చూసుకునేది మామగారిచ్చిన కీ వాచీలో. వాచీలు బాగుచేసే అల్లుడు ఉండగా ఆ వాచీ బ్యాంకు గుమాస్తా చేతికి వెళ్ళడం మెకానిక్‌కు ఎనిమిదేళ్ళుగా మింగుడుపడలేదు. భార్య రోజూ అక్కకు ఫోన్ చేసి బావగారి పరుగు కబుర్లు అడుగుతుంటే అతనికి ఒళ్ళు మండిపోయేది.

"నా గురించి కూడా ఒక ముక్క చెప్పరాదా" అన్నాడు, పార్కు నుంచి వచ్చి కాఫీ తాగుతూ.

"మూడు రౌండ్లు ఆగకుండా ముప్పై నిమిషాల్లో తిరిగి రండి. ఫోన్ చేసి మరీ చెప్తాను" అందామె.

ఆ రోజే తోడల్లుడు దుకాణానికొచ్చి, "కాస్త శుభ్రం చేసిపెట్టు తమ్ముడూ" అని వాచీ ఇచ్చి వెళ్ళాడు. అసూయ ఊరుకోనివ్వలేదు. లోపలి సన్నటి స్ప్రింగుకు మెకానిక్ సూదిమొనతో ఒక్క చుక్క నూనె అంటించాడు. చుట్లు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొట్టిదైనట్టయింది. వాచీ గంటకు పది నిమిషాలు ముందుకు పోసాగింది. పెద్దల్లుడు దాన్ని పరుగుకు తప్ప పెట్టుకోడు, మిగతా వేళంతా ఫోనే చూసుకుంటాడు. దొరికే ప్రసక్తే లేదు.

మర్నాడు ఇరవై నాలుగు కాస్తా ఇరవై ఎనిమిదైంది. తోడల్లుడు బెదిరిపోయి రక్తపరీక్షలు చేయించుకున్నాడు, చక్కెర మానేశాడు, కొత్త బూట్లు కొన్నాడు.

"జబ్బేమీ లేదన్నారట. అయినా బావగారు వదల్లేదు చూడండి, ఎంత పట్టుదలో" అంది భార్య. తగ్గాల్సిన పొగడ్త రెట్టింపైంది.

వారం తిరక్కుండానే తోడల్లుడు దుకాణంలో స్టూలు మీద చతికిలబడ్డాడు. "నా మీద నాకే నమ్మకం పోయింది తమ్ముడూ. నువ్వు ఎవర్నీ పట్టించుకోకుండా నీ పాటికి నువ్వు పరిగెత్తుతావు చూడు, ఆ గుణం నాకు లేదు. రేపట్నుంచి నీ పక్కనే వస్తాను."

ఎవర్నీ పట్టించుకోకుండా అన్న మాట మెకానిక్‌కు సూదిలా గుచ్చుకుంది. సరేనన్నాడు. పక్కన మనిషుంటే షెడ్డు వెనక ఎలా కూర్చుంటాడు? బెంచీకి నీళ్ళొదిలి, కబుర్లు చెప్పగలిగినంత మెల్లగా పరిగెత్తడం అలవాటు చేసుకున్నాడు. అర రౌండు ఒకటైంది, నెల తిరిగేసరికి రెండున్నరైంది. పొద్దున్నే కాళ్ళు మొరాయించడం మానేశాయి.

ఒక ఆదివారం భార్యను వెంటబెట్టుకు వెళ్ళాడు. "నీ ఫోన్లో టైము చూడు" అన్నాడు.

"నాన్న వాచీ ఉండగా ఫోనెందుకండీ. బావగారు చూస్తారు" అంటూ ఆమె ఫోను సంచీలో పడేసింది.

మూడు రౌండ్లూ ఆగకుండా పరిగెత్తాడు. గేటు దగ్గర ఆగి గర్వంగా భార్య వంక చూశాడు.

"ముప్పై మూడు" అన్నాడు తోడల్లుడు జాలిగా.

"మూడు నిమిషాల తేడాతో తప్పిపోయిందండీ" అంది భార్య.

గంటకు పది చొప్పున మనసులోనే తీసేసి చూసుకున్నాడు మెకానిక్. ఇరవై ఎనిమిది!

"ఆ వాచీ ముందుకు పోతోంది" అన్నాడు.

"నెల కిందట నువ్వేగా శుభ్రం చేశావు. నీ పనిని నువ్వే అనుమానిస్తే ఎలా తమ్ముడూ."

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, పరుగు పోతుంది. మెకానిక్ వాచీ వైపు వేలు చూపించాడు. "స్ప్రింగుకు నూనె పెట్టింది నేనే అన్నయ్యా. గంటకు పది నిమిషాలు ముందుకు పోతుంది. నాది ఇరవై ఎనిమిది."

తోడల్లుడు వాచీ వంక చూశాడు. కోపం రావాల్సిన మొహం మెల్లగా వెలిగింది. "అయితే నిన్న సాయంత్రం నేనొక్కణ్ణే తిరిగితే ఇరవై నాలుగు చూపించింది. అంటే నాది ఇరవై ఒకటా?"

భార్య సంచీలోంచి ఫోను తీసి అక్కకు కలిపింది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ అక్కచెల్లెళ్ళు గంటసేపూ అతని గురించే మాట్లాడుకున్నారు.