నూట ముప్పై మూడు మిల్లీమీటర్ల మెమరీ

మా కంప్యూటర్‌కి మెమరీ పెంచాలని మొదట అన్నది నేనే. ఎందుకు పెంచాలో మా ఆవిడకి చెప్పింది ఒకటి, నా మనసులో ఉన్నది ఇంకొకటి. ఆ రెండూ కలిసి నన్ను ఏ గతి పట్టించాయో చెబుతాను, నవ్వకుండా వినండి.

నేను వడ్రంగిని. ఇంటి ముందు గదే నా కొట్టు. వెనక గదిలో మా ఆవిడ నాలుగు నెలలుగా ఊరి బస్సుల మ్యాపు గీస్తోంది. బస్సుల ఆఫీసు వాళ్లకి నచ్చితే అది మూడు వందల స్టాపుల్లో ఎక్కుతుంది. ఆమెకి అది మొదటి పెద్ద పని. ఆదివారం సాయంత్రం ఐదింటికల్లా పంపాలి. ఒక్క నిమిషం దాటినా చూసేది లేదని వాళ్లు తెగేసి చెప్పారు.

మా కంప్యూటర్‌కి మేం పెట్టుకున్న పేరు కుంభకర్ణుడు. పొద్దున్నే మ్యాపు తెరవమని నొక్కి మా ఆవిడ స్నానానికి వెళ్లేది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి అది సగం ఊరు చూపించేది. మిగతా సగం కోసం బతిమాలాలి.

ఇక నా సంగతి. రైలు నడిపే గేమ్ ఒకటి కొని, నా పనిముట్ల పెట్టెలో గరుకు కాగితాల అడుగున దాచాను. డబ్బా మీద పదహారు జీబీ మెమరీ ఉండాలని రాసి ఉంది. కుంభకర్ణుడికి ఉన్నది నాలుగు.

"నీ కష్టం చూడలేకపోతున్నానోయ్! మెమరీ పెంచేద్దాం" అన్నాను శుక్రవారం, గొంతులో వీలైనంత జాలి నింపుకుని.

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "పదకొండేళ్లుగా బాగానే చూడగలిగారుగా?"

"ఇప్పుడు మనసు కరిగింది."

"ఎంతకి కరిగింది?"

"పదహారుకి."

"నా మ్యాపుకి ఎనిమిది చాలండీ."

"రేపు బస్సులు పెరగవూ?"

ఆవిడ నవ్వాపుకున్నట్టు అనిపించింది కానీ, నేను పట్టించుకోలేదు. "సరే, పెంచుదాం. కానీ ఆదివారం ఐదు దాటేదాకా దాని జోలికి వెళ్లకండి. పని నడుస్తుండగా మిషను విప్పకూడదు."

"నా చేతి మీద నమ్మకం లేదా?"

"చాలా ఉంది. అందుకే చెబుతున్నా" అంది.

ఆదివారం మధ్యాహ్నం ఒక స్టాపు పేరు సరిచూసుకోవాలని మా ఆవిడ సంచీ తగిలించుకుని బయల్దేరింది. ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో నేను స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆమె వచ్చేసరికి మెమరీ మార్చేస్తే ఆమె సంతోషిస్తుంది, ఐదు కొట్టగానే నా రైలు కదులుతుంది. ఇంత మంచి పథకం నా బుర్రకి తట్టినందుకు నాకు నేనే ముద్దొచ్చాను.

పాత మెమరీ ముక్కని ఊడదీసి వడ్రంగి పద్ధతిలో కొలిచాను. పొడవు నూట ముప్పై మూడు మిల్లీమీటర్లు, ఎత్తు ముప్పై ఒకటి. చెక్క ముక్క మీద పెన్సిల్‌తో రాసుకుని, పాతదాన్ని దాని చోట్లోనే పెట్టేసి కంప్యూటర్ షాపుకి వెళ్లాను.

ఆ షాపాయన్ని అందరూ గ్యారంటీ గారంటారు. తుమ్మినా "గ్యారంటీ అండీ" అంటాడు.

"ఏ జనరేషన్ మెమరీ కావాలండీ?"

నేను చెక్క ముక్క తీసి కొలతలు చదివాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "మీరు కొంటున్నది మెమరీ అండీ, తలుపు రెక్క కాదు. జనరేషన్ మారితే మధ్యలో గాటు ఉండే చోటు మారుతుంది. పాతది పట్టుకురండి."

"గాటా! ముప్పై ఏళ్లుగా నేను కొడుతున్నవి గాట్లే కదండీ. నా చేతిలో కుదరని గాటు ఇంతవరకు పుట్టలేదు. కొత్తరకంది, పదహారుది ఇచ్చెయ్యండి."

"కోస్తే మాత్రం గ్యారంటీ ఉండదండీ" అన్నాడాయన. ఆ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. నేను అప్పుడైనా ఆగాల్సింది.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే పొడవు అచ్చంగా సరిపోయింది. గాటు మాత్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉంది. బుద్ధున్నవాడైతే షాపుకి తిరిగి వెళ్తాడు. నేను సన్న రంపం తీశాను.

నిజం చెప్పొద్దూ, ఆ కోత చూడముచ్చటగా వచ్చింది. ఆకురాయితో అంచులు నున్నగా రాసి, గాడిలో పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కి మీట వేశాను. కుంభకర్ణుడు "కూ... కూ... కూ..." అని మూడు కూతలు పెట్టి ఊరుకున్నాడు. తెర నల్లగా ఉంది. హడావిడిగా పాతది పెట్టాను. మళ్లీ మూడు కూతలే.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ రొప్పుతూ లోపలికొచ్చింది. "ఏమిటా కూత?"

"రైలనుకుంటానోయ్. దూరంగా పోతోంది."

"మన ఊరికి రైలు లేదండీ."

ఆమె చూపు విప్పేసిన మిషను మీద, రంపం మీద, బల్ల నిండా ఉన్న ఆకుపచ్చ పొడి మీద పడింది. కుర్చీలో కూలబడింది. "నాలుగు నెలల పని అందులో ఉందండీ" అంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రైలూ వద్దు, గేమూ వద్దు, ఆ తెర ఒక్కసారి వెలిగితే చాలనిపించింది. గోడ మీద గడియారం మూడున్నర చూపిస్తోంది.

రెండు నిమిషాల తర్వాత ఆవిడ కొంగు బిగించి లేచింది. "మీ దగ్గర వార్నిష్ వేసే సన్న బ్రష్షుందా? కొత్తది."

"ఉంది."

"పొడి ఊదే మిషనో?"

"ఉంది."

"అవి తెచ్చి, మీరు గుమ్మం అవతల నిలబడండి."

నిలబడ్డాను. ఆవిడ గాడిలో చిక్కిన పొడిని బ్రష్షుతో రాల్చి, పట్టుకారుతో చిన్న రేకు తునకలు ఏరి, మిగిలింది ఊది పారేసింది. తర్వాత సంచీలోంచి వెండి రంగు కవరు తీసింది. అందులో నిగనిగలాడే మెమరీ ముక్క!

"ఇదెక్కడిది?"

"మీ మనసు కరిగిన అరగంటకే చెప్పి పెట్టా. మన మెమరీ మీద స్టిక్కర్ ఉంటుంది, దాని ఫోటో తీసి గ్యారంటీ గారికి పంపా, మీకు చెప్పొద్దని కూడా అన్నా. ఇందాక తెచ్చుకోవడానికి వెళ్తే, మీరు చెక్క ముక్క చదివి వెళ్లారని ఆయన నవ్వలేక చస్తున్నాడు. అది విని ఇంటిదాకా పరుగెత్తుకొచ్చాను."

'టిక్' మని చప్పుడైంది. మీట వేసింది. కూత లేదు. తెర వెలిగింది. మ్యాపు తెరిస్తే ఊరంతా ఒక్క రెప్పపాటులో పరుచుకుంది! ఆవిడ స్టాపు పేరు దిద్ది, మూడుసార్లు సరిచూసి, నాలుగూ నలభైకి పంపేసింది. నేను గుమ్మం అవతలే గంతులేశాను.

మర్నాడు పదింటికి ఫోనొచ్చింది. మ్యాపు నచ్చిందట, ఒక్క గీత కూడా మార్చక్కర్లేదట. మూడు వందల స్టాపుల్లోనూ ఆమె మ్యాపే! ఎదురింటావిడ ఏమైందోనని కిటికీ తెరిచేంత గట్టిగా ఇద్దరం అరిచాం. ఫోను పట్టుకుని ఆవిడ ఇంకా ఏదో మాట్లాడుతూ పెరట్లోకి వెళ్లింది. నేను తెర మీద చూద్దును కదా, మెమరీ పదహారు ఉంది.

తిరిగి రాగానే అడిగాను. "ఎనిమిది చాలన్నావుగా?"

"మిగతా ఎనిమిదీ మీ రైలుకి" అంది చల్లగా. "పోయిన వారమే గరుకు కాగితం కోసం పెట్టె తెరిస్తే కనబడింది. ఆడుకోవాలని ఉందని అడిగితే కాదంటానా?"

సిగ్గుతో పాటు సంతోషమూ ముంచుకొచ్చింది. "అయితే ఈ ఆదివారం మొదలుపెడతా!"

"ఆదివారాలు మీకు కుదరవండీ. మ్యాపులకి చెక్క ఫ్రేములు కావాలని ఇప్పుడే అడిగారు. మూడు వందలు. మా ఆయన కొలత తీస్తే వెంట్రుకవాసి తేడా రాదని చెప్పి, మీ తరఫున ఒప్పేసుకున్నా."

"నన్ను అడగకుండానా?"

"మిషను విప్పేముందు మీరు నన్ను అడిగారా?"

ప్రస్తుతం నూట పద్దెనిమిదో ఫ్రేము చేస్తున్నాను. వెనక గదిలోంచి రైలు కూతలు వినిపిస్తూనే ఉన్నాయి. మా ఆవిడ నడుపుతోంది. ప్రతి స్టేషన్లోనూ సరిగ్గా టైముకే ఆపుతోందట.