ముగ్గుచెర వీడిన లైసెన్సు

ధనుర్మాస తుషారము నొయ్యల్ నదిపై మెల్లమెల్లగ కరగుచుండగా, సకల పంపుసెట్లకు పుట్టినిల్లగు కోయంబత్తూరు మహానగరమున, ఒకానొక పంపుల కర్మాగారపు మూడవ అంతస్తునందు, కిటికీ పక్కన, ఏసీ శీతలమారుతమునకు మఫ్లరు కవచము ధరించి, సంస్థలోని ఏ కంప్యూటరులో ఎవరు ఏ సాఫ్ట్‌వేరును ఎంతసేపు వాడుచున్నారో తెరపై కనిపెట్టి చూచు సహస్రాక్షసముడు, ఉద్యోగధురంధరుడు, మరుదాచలుడు కొలువుదీరియుండెను.

అట్టి వేళ డిజైను విభాగ వీరవనిత సుడర్విళి ఉరికివచ్చెను. మధ్యాహ్నములోగా పంపుచక్రపు నమూనా అందనిచో ఫౌండ్రీవారు మరొకరి పని కొలిమికెక్కింతురనియు, మాసములు శ్రమించి తాను తీర్చిన తొలిచక్రము మూలబడుననియు, ఒక్కమారు ఇందరే వాడవలెనను లైసెన్సులన్నియు నిండినవని డ్రాయింగు సాఫ్ట్‌వేరు తన మొగముమీదనే తలుపు వేసినదనియు మొరపెట్టుకొనెను.

మరుదాచలుడు తెరపై దృష్టిబాణము సంధించెను. వాడుచున్నవారందరును డిజైనువారే, ఒక్క పర్చేజ్ సెక్షను కంప్యూటరు తక్క! బోల్టులు కొనువారికి పంపుల బొమ్మలతో పనియేమి? పైగా, కాసేపు మీట నొక్కనివారి లైసెన్సును లాగివేయు కఠినశాసనమును సైతము ధిక్కరించి, ఆ యంత్రము ఉదయము నుండి కునుకైనను తీయలేదు. క్రోధారుణనేత్రుడై, లిఫ్టునకై వేచియుండుట వీరధర్మము కాదని తలచి, సుడర్విళి వెంటరాగా అతడు మెట్లమార్గమున కిందికి దండెత్తెను.

కుర్చీ శూన్యము! కీబోర్డుపై నొక మీటను అదిమిపట్టి, ఇత్తడి వాషరొకటి గదాధారియగు ద్వారపాలకునివలె కూర్చుండియుండెను. తెరపై పంపు లేదు. చుక్కల నడుమ నాగబంధమువలె మెలికలు తిరుగుచున్న మహోన్నతమగు ముగ్గు! మరుదాచలుడు వాషరుపై చేయి వేయబోయెను.

"చెయ్యి తియ్యి తంబీ." కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమైనది పర్చేజ్ సెక్షను సామ్రాజ్ఞి పొన్నుత్తాయి.

"అక్కా, ఇది పంపులు గీసే సాఫ్ట్‌వేరు. ఇందులో ముగ్గులేస్తున్నారా?"

"పావు గీస్తే చాలు, మిగతా మూడు వైపులా అదే తిప్పి పెడుతోంది. మంచి సాఫ్ట్‌వేరే, నువ్వెందుకు సిగ్గుపడతావు?"

"మరి ఆ వాషరు?"

"కాఫీకెళ్లొచ్చేలోగా లాగేసుకుంటున్నావుగా. అందుకే కాపలా పెట్టా."

మరునాటి వేకువన వీధిలో ముగ్గుల పోటీ యనియు, కిందటేడు ఎదురింటి కోడలి చేతిలో ఓడినది మొదలు పాలపాకెట్ల వేళ తాను తలెత్తలేకున్నాననియు, గీత చుక్కలన్నిటిని చుట్టివచ్చి కలియవలసినది ఒక మూల మొరాయించుచున్నదనియు, అది కలియుదాక సాక్షాత్తు మేనేజింగ్ డైరెక్టరే వచ్చినను తెరపై కిటికీ మూయననియు ఆమె తేల్చిచెప్పెను. మరుదాచలుడు లెక్క వేసుకొనెను. పై అంతస్తునకు పోయి మీట నొక్కినచో లైసెన్సు దక్కును, ముగ్గు మటుమాయమగును. అంతటి పాపమునకు చేతులు రాలేదు.

సుడర్విళి కుర్చీలో కూర్చుండి మౌసు చేపట్టెను. "అక్కా, ఈ మెలిక బయటికి కాదు, లోపలికి తిరగాలి. మా చక్రం రెక్కలూ ఇలాగే ఒంపుతాం."

గీత గీతను కలిసెను! పొన్నుత్తాయి సుడర్విళికి దిష్టి తీసి మెటికలు విరిచి, ముగ్గును భద్రపరచి, కిటికీ మూసి, "పో తల్లీ, పోయి నీ పంపు గీసుకో" అని దీవించెను.

వాయువేగమున తన స్థానము చేరిన సుడర్విళికి తెర మరల అదే చెప్పెను: నిండినవి. డిజైను యోధులందరును రెండు చేతులు పైకెత్తి తామెరుగమనిరి. మరుదాచలుడు పండ్లు కొరుకుచు తన తెరను శోధించెను. కొత్త ఆక్రమణదారు ఈ అంతస్తువాడే! కిటికీ పక్కవాడే! తల తిప్పి చూచెను. కిటికీ పక్కనున్నవాడు తానే. లైసెన్సు నిజముగ ఖాళీ అయినదా యని పరీక్షించుటకు, ఇప్పుడే ఆ సాఫ్ట్‌వేరును తెరచియుండెను.

"మూసెయ్యన్నా," అనెను సుడర్విళి, నవ్వు బిగబట్టి.

వినుడు, పౌరులారా! నాడు పంపుచక్రము వేళ మించకుండ కొలిమికేగెను. మఫ్లరుమండితుడగు మరుదాచలుడు, ఎల్లరును చూచుచుండగా, మౌసును ఒక్కమారు నొక్కి, తన్ను తాను చిత్తుగ ఓడించి, తన లైసెన్సును తన చేతినుండి తానే గెలుచుకొనెను!