తొట్టిలో చివరి వంతు

నాగరికత మనిషి తొట్టిలో కూర్చోవడంతో మొదలై, షవరు కింద నిలబడడంతో అంతరిస్తుందని మా వార్డు ఆఫీసువారి దృఢ విశ్వాసం. ఆ విశ్వాసం ఉత్తి మాటగా మిగిలిపోకుండా దానికొక విభాగం, విభాగానికొక కౌంటరు, కౌంటరు ముందు వంతు చీటీలిచ్చే యంత్రం ఏర్పాటు చేశారు. చిన్న ఇళ్ళ స్నాన నిర్ణయ విభాగమంటే అదే. నాలుగో అంతస్తులో, చెత్త వర్గీకరణకీ, జనం పోగొట్టుకుంటే దొరికిన గొడుగులకీ మధ్య ఉంటుంది. (జనం ఎక్కువగా ఉండేది గొడుగుల దగ్గర.)

మాది పాత చెక్క ఇల్లు. దాన్ని పడగొట్టి అదే జాగాలో మూడంతస్తులు వేసుకోవాలనుకున్నాం. జాగా ఎంతంటే, రెండు కార్లు పక్కపక్కన ఆపితే డ్రైవర్లు తలుపు తీసుకుని దిగలేనంత. అందులో నలుగురం ఉండాలి. డెబ్బైతొమ్మిదేళ్ళ మా నాన్న తొకుజి గారు, వారపత్రికలో ఈ కాలమ్ రాసే నేను, హైస్కూలు చదివే మా అమ్మాయి కొనోమి, నా భార్య చిజురు.

ఇంటి ప్లాను గీసినది నుకుయి గారు. టీ తాగేటప్పుడు కూడా ఆవిడ చేతిలో స్కేలుంటుంది. రెండు కాగితాలు బల్లమీద పరిచారు. మొదటి దాంట్లో మోకాళ్ళు ముడుచుకుని మెడదాకా మునిగే తొట్టి. రెండో దాంట్లో షవరు, దానివల్ల మిగిలిన, సగం చాప పట్టేంత జాగా, ఆ జాగాలో కిటికీ పక్కన ఒక కుర్చీ. కుర్చీ ఎవరు వేయమన్నారని అడిగాను. నుకుయి గారు చిజురు వైపు చూశారు. చిజురు టీ తేవడానికి లేచింది. కుర్చీ ప్రస్తావన అంతటితో ముగిసింది.

నా అభిప్రాయం నేను స్పష్టంగా చెప్పాను. తొట్టి అంటే కుటుంబం. ముందు పీట మీద కూర్చుని ఒళ్ళు రుద్దుకుని శుభ్రంగా కడుక్కున్నాకే దిగుతాం కాబట్టి, ఒకే నీళ్ళలో ఇంటిల్లిపాదీ మునగవచ్చు. మొదట నాన్న, తర్వాత నేను, తర్వాత కొనోమి, తర్వాత చిజురు. ఆ తర్వాత గొట్టం వేస్తే అవే నీళ్ళు బట్టలుతికే యంత్రానికి వెళతాయి. అమ్మ స్థానం కూతురికీ వాషింగ్ మెషీనుకీ మధ్య అని కొనోమి ఒకసారి అంది. ఈ వయసు పిల్లలకి వరసక్రమం మీద శ్రద్ధ ఎక్కువ.

చల్లారిన నీళ్ళని మళ్ళీ కాచే మీట గోడకి ఉండనే ఉంది. పెళ్ళయిన మొదటి నెలలో చిజురు దాన్ని నొక్కితే నాన్న మెత్తగా, "ఒక్క మనిషి కోసం గ్యాసెందుకమ్మాయ్" అన్నారు. అప్పట్నించీ ఆ మీట కొత్తదానిలా మెరుస్తోంది.

అటువంటి ఇంట్లో చిజురు తనకి షవరు కావాలంది. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఏదైనా కావాలనడం నాకు గుర్తున్నంతవరకు అదే మొదలు. ఊళ్ళు తిరిగే సేల్స్‌మన్లు షవరు వాడతారనీ, కుటుంబాలు వాడవనీ ఓపిగ్గా వివరించాను. ఆవిడ విని, షవరే కావాలంది. నలభై చదరపు మీటర్ల లోపు ఇంట్లో స్నానం గురించి ఏకాభిప్రాయం లేకపోతే, పద్నాలుగో నిబంధన ప్రకారం విభాగంవారు ఏడు సాయంత్రాలు ఇంటికొచ్చి నీళ్ళు పరీక్షించాలి.

మొదటి సాయంత్రం ఆరున్నరకి సహాయ ఉపవిభాగాధికారి ఉరుషిహర గారు వచ్చారు. చంకలో తోలు పెట్టె, అందులో థర్మామీటరు. నీళ్ళు సిద్ధమని గోడమీది నీళ్ళు కాచే యంత్రం సరిగ్గా అప్పుడే ఆడగొంతుతో ప్రకటించింది. ఇంటికొచ్చిన అతిథిని గుమ్మంలో నిలబెట్టి మనం తొట్టిలో దిగడం మా ఇంటావంటా లేదు. నాన్న వంగి లోపలికి దారి చూపించారు. ఉరుషిహర గారు మర్యాద ప్రకారం మూడుసార్లు వద్దని, నాలుగోసారి తువ్వాలు అందుకున్నారు. థర్మామీటరు కూడా ఆయనతోపాటే దిగింది. నలభై రెండు డిగ్రీలు. ఎర్రబడ్డ మొహంతో బయటికొచ్చి, చల్లటి బార్లీ టీ తాగి, పుస్తకంలో 'శ్రేష్ఠం' అని రాసుకుని వెళ్ళిపోయారు.

ఏడు సాయంత్రాలూ ఇలాగే జరిగింది. దీనివల్ల మేమంతా ఒక్కో వంతు కిందికి దిగాం. నాన్న రెండో మనిషి అయ్యారు, చిజురు ఐదో మనిషయింది. (వాషింగ్ మెషీను ఆరోదయినా అభ్యంతరం చెప్పలేదు.)

అయిదో రోజున కొనోమి ఆయన్ని గుమ్మం దగ్గర ఆపింది.

"సార్, ఆఖర్న కూడా ఒకసారి కొలుస్తారా?"

ఉరుషిహర గారు చెప్పులు తొడుక్కుంటూ నిజాయితీగా ఆలోచించారు.

"నేను అంతసేపు కూర్చుంటే మీ అమ్మగారి స్నానానికి ఆలస్యమవుతుంది కదమ్మా. ఆవిడకి ఇబ్బంది."

ఒక ప్రభుత్వోద్యోగిలో ఇంత సున్నితత్వం చూసి నా మనసు కరిగింది.

విచారణ రోజున నలుగురం, సంతకానికి బదులు వేసే మా పేర్ల ముద్రలు పట్టుకుని నాలుగో అంతస్తుకి వెళ్ళాం. ఉరుషిహర గారు నివేదిక చదివారు. నీళ్ళ సగటు వేడి నలభై రెండు. అత్యధికం నలభై రెండు. అత్యల్పం నలభై రెండు. ఇంత నిలకడైన తొట్టి ఈ వార్డులో ఇంకొకటి లేదన్నారు. నాన్న తలవంచి అభినందన స్వీకరించారు. షవరు కోరడానికి కారణమేమిటని ఉరుషిహర గారు చిజురుని అడిగారు.

"షవరు నీళ్ళు నేరుగా గొట్టంలోంచి వస్తాయండీ," అంది చిజురు. "నాకంటే ముందు ఎవరూ వాటిల్లో కూర్చుని ఉండరు."

ఉరుషిహర గారు దరఖాస్తు తిరగేశారు. కారణాల గడులు మూడున్నాయి. వృద్ధాప్యం, వైకల్యం, నీటి ఎద్దడి. సొరుగులో ఇంకో రకం ఫారం ఉందేమోనని వెతికారు. పక్క కౌంటరుకి కూడా వెళ్ళి అడిగొచ్చారు. ఆయన బాధ నటన కాదు.

"మీ కారణానికి గడి లేదండీ."

"వెనక పేజీలో రాయొచ్చా?"

"వెనక పేజీ ఆఫీసువారి ఉపయోగానికండీ."

చిజురు మెల్లగా ఇంకేదో అంది. పంతొమ్మిదేళ్ళనీ, చల్లారడమనీ, నీళ్ళనీ కొన్ని మాటలు వినిపించాయి. అదే సమయానికి నేను నా ముద్ర ఏ జేబులో పెట్టానో వెతుక్కుంటున్నాను. కొనోమి నా వంక అదోలా చూసింది. ముద్ర లోపలి జేబులో దొరికింది.

తొట్టి మంజూరయింది. తొట్టి ఉన్న ఇంట్లో చివరి వంతు పద్నాలుగు రోజులకి మించి ఖాళీగా ఉండరాదు, ఉంటే హామీదారు ఆ వంతు స్వీకరించాలి అని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. హామీదారు గడిలో సంతోషంగా ముద్ర వేశాను. చిజురు కూడా తన గడిలో వేసింది. ఆవిడ ముద్ర నాదానికంటే నిటారుగా పడింది.

ఫిబ్రవరిలో కొత్తింట్లో చేరాం. తొట్టి అద్భుతంగా అమిరింది. మొదటి రోజు మధ్యాహ్నం మూడింటికి చిజురు చిన్న పళ్ళెంలో సబ్బు, తువ్వాలు పెట్టుకుని చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడిగాను. వీధి చివర డబ్బులిచ్చి స్నానం చేసే ఉమ్మడి స్నానశాలకట.

"మూడున్నరకి తలుపు తీస్తారు. అప్పటికి నీళ్ళలో ఎవరూ దిగి ఉండరు."

"మరి మన తొట్టి?"

"మీరంతా ఉన్నారుగా," అని వెళ్ళింది.

మర్నాడూ వెళ్ళింది. వానలోనూ వెళ్ళింది. అక్కడ ఆడవాళ్ళ వైపు తలుపు ముందు రోజూ తనే మొదట నిలబడుతుందని కొనోమి చెప్పింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ బుగ్గలు ఉరుషిహర గారి బుగ్గల్లా ఉంటున్నాయి. ఆ ఎరుపు నేను పెళ్ళిఫొటోలో తప్ప చూడలేదు. కొంచెం కష్టమనిపించింది కూడా.

పదిహేనో రోజున వార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ప్లమ్ పూల తొలి సువాసన మా ఇంటికి చేరిందో లేదోనని కుశలమడిగి, మా ఇంట చివరి వంతు ఖాళీ పడిందని విచారిస్తూ, హామీదారు వెంటనే బాధ్యత స్వీకరించగలరని ఉరుషిహర గారు రాశారు. కింద, నీళ్ళు శ్రేష్ఠంగా ఉంటాయని తనకి స్వయంగా తెలుసునని కూడా చేర్చారు.

ఆ రాత్రి నాన్న స్నానం అయింది. కొనోమిదీ అయింది, తీరిగ్గానే అయింది. ఒళ్ళు కడుక్కుని నేను తొట్టిలో దిగాను. నీళ్ళు రొమ్ము కిందికి ఉన్నాయి. గోడకున్న మీట మీద వేలు పెట్టాను. తలుపు అవతల్నించి నాన్న గొంతు వినిపించింది.

"ఒక్క మనిషి కోసం గ్యాసెందుకురా."

ఇంట్లో ఉన్న థర్మామీటరు ముంచి చూస్తే ముప్పై నాలుగు. నాలుగు నిమిషాల్లో లేచి, నీళ్ళు యంత్రానికి తోడి, తొట్టి తోమి, గజగజ వణుకుతూ ఈ వారం కాలమ్ రాస్తున్నాను. ఈ వ్యవస్థ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. చివరి నీళ్ళు ఇంత చల్లగా ఉంటాయని పంతొమ్మిదేళ్ళలో మా ఇంట్లో ఒక్కరూ నాతో చెప్పలేదన్నదొక్కటే నా బాధ.