రాజుగారికి వీపు చూపించిన కొంగ

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గట్టే ఒక పెద్ద సంగీత పరిషత్తు ఉండేది. అడవి ఏటేటా తరిగిపోతున్నా పరిషత్తు మాత్రం పెరుగుతూనే ఉండేది. దానికి మహారాజపోషకులు సింహరాజుగారు. కార్యదర్శి సుభాషితరావు అనే నక్క. కార్యవర్గంలో సంగీతం తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. పాపం, వాళ్ళు వాయించుకోవాలి కదా, మీటింగులకు తీరికెక్కడిది?

పరిషత్తుకు ఒక వాద్యబృందం ఉండేది. వడ్రంగిపిట్టది డోలు, ఏనుగుది బూర. కీచురాళ్ళు తీగల పని చూసుకునేవి, కప్పలు మంద్రంలో శ్రుతి పట్టేవి. ఎవరికి తోచినప్పుడు వాళ్ళు మొదలుపెట్టి, ఆకలేసినప్పుడు ఆపేసేవారు. అడవికి అది బాగానే ఉండేది.

ఒకసారి పక్క అడవి చిరుతపులి అతిథిగా వచ్చి కచేరీ విని, "మీ బృందానికి నిర్దేశకుడు లేడా? మాకున్నాడే!" అంది. ఆ పూట సింహరాజుగారికి మాంసం సహించలేదు.

వెంటనే కార్యవర్గం కూర్చుంది.

"నిర్దేశకుడంటే ఎవరు?" అని ఎలుగుబంటి అడిగింది.

"కండక్టరండీ," అన్నాడు సుభాషితరావు.

"టికెట్లు కొడతాడా?"

"అబ్బే, అది వేరు. అందరూ వాయిస్తుంటే ఇతను వాయించడు. చప్పట్లు మాత్రం ఇతనికే."

"ఇంత మంచి ఉద్యోగం మన అడవిలో ఇన్నాళ్ళూ లేకుండా ఎలా పోయిందయ్యా!" అని ఎలుగుబంటి నోరు వెళ్ళబెట్టింది.

ఆ ఉద్యోగం మీద సుభాషితరావుకు అప్పుడే కన్ను పడింది. తనకోసం కాదు, బావమరిది హాసరాజు కోసం. హాసరాజు దుమ్ములగొండి. నక్కకు దుమ్ములగొండి బావమరిది ఎలా అయ్యాడని అడక్కండి. పదవులున్నచోట చుట్టరికాలు వాటంతట అవే మొలుస్తాయి.

అయితే నేరుగా బావమరిదిని కూర్చోబెడితే అడవి అల్లరి చేస్తుంది. అందుకని ముందు ఒక విదేశీయుణ్ణి రప్పించాలి, వాడు మొదటి కచేరీకే బలైపోవాలి, అప్పుడు "మనవాళ్ళే నయం" అని అందరూ కళ్ళు తుడుచుకోవాలి. సుభాషితరావు పథకం అది.

బలికి ఏర్పాటు ముందే ఉంది. సింహరాజుగారికి వీపు చూపించినవాడు ఆయనకు భోజనం కావాలన్నది ఆ అడవి ఆచారం. దర్బారు నుంచి ప్రజలంతా వెనక్కి వెనక్కి నడుస్తూ ఇళ్ళకు పోయేవారు. దారిలో ఏనుగుల్ని పట్టడానికి ఎప్పుడో తవ్విన గోతిలో వారానికొకరైనా పడేవారు. మరి నిర్దేశకుడి వృత్తే శ్రోతలకు వీపు పెట్టి నిలబడటం కదా!

అలా హంగరీ దేశం నుంచి మాత్యాష్ అనే తెల్లకొంగ వచ్చాడు. డాన్యూబ్ నది ఒడ్డున ఒక కరెంటు స్తంభం మీద అతని గూడు. ఆ దేశంలో గూటికొక నిర్దేశకుడు. మాత్యాష్ ఒక ముసలి కొంగ దగ్గర సహాయకుడిగా చేరి, ఆయన ఎప్పుడు జబ్బుపడతాడా అని యవ్వనమంతా కాచుకున్నాడు. ఆ ముసలాయన తుమ్మనైనా తుమ్మలేదు. మాత్యాష్‌కు పాడే గొంతు లేదు, ముక్కు టకటకలాడించడమే వచ్చు. కానీ సంగీతమంటే ప్రాణం. ఒక నిండు బృందం తన రెక్క వంక చూస్తూ వాయిస్తే చాలు, ఆ తర్వాత చచ్చిపోయినా ఫరవాలేదనుకునేవాడు. రెండో కోరిక తీర్చే ఏర్పాట్లే ఇక్కడ పక్కాగా జరిగాయి.

నియామక పత్రంలో ఒక్కటే షరతు: బృంద సభ్యులను భోంచేయరాదు. కప్పలు పట్టుబట్టి రాయించుకున్నాయి.

కచేరీ రోజున మాత్యాష్ వేదిక ఎక్కి బృందం వైపు తిరగబోతుండగా, ముందు వరసలో ఉన్న ముసలి కప్ప మండోదరమ్మ గుసగుసలాడింది.

"నాయనా, ఇటు తిరిగావంటే రాజుగారికి నువ్వే ఫలహారం. ఆ నక్క నీకు చెప్పలేదూ?"

మాత్యాష్ తిరగబోయినవాడల్లా ఆగిపోయి, బృందానికే వీపు పెట్టి, సింహరాజుగారి ముఖంలోకి చూస్తూ రెక్కలెత్తాడు. వెనక ఎవరికి తోచింది వాళ్ళు వాయించారు. రాజుగారు తల ఊపితే రెక్క ఊపాడు, ఆవలిస్తే రెక్క దించాడు.

సింహరాజుగారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. తనవైపు అంతసేపు కన్నార్పకుండా చూసిన ప్రాణి అంతవరకు ఒక్కటీ లేదు. చూసినవి పారిపోయేవి, లేకపోతే కడుపులోకి పోయేవి.

"ఇదీ సంగీతమంటే! ఒక్క స్వరం కూడా నన్ను దాటిపోలేదు!" అన్నారు.

ఆ తర్వాత మాత్యాష్ దశ తిరిగింది. చేపల చెరువు రాసిచ్చారు. శాలువాలు కప్పారు, అవి బరువై కొంతకాలం ఎగరడమే మానేశాడు. బిరుదులు తగిలించారు, చివరికి పరిషత్తు అధ్యక్షుణ్ణి చేశారు. అతని శాలువాలు మడతపెట్టే పని సుభాషితరావుకు పడింది. పళ్ళు కొరుక్కుంటూనే మడతపెట్టేవాడు.

ఇంత వైభవంలోనూ మాత్యాష్‌కు ఒక బెంగ ఉండేది. తన బృందం వాయిస్తుండగా వాళ్ళ ముఖాలు అతను ఎప్పుడూ చూడలేదు. వచ్చే కచేరీకి తిరుగుతాను అనుకునేవాడు. వచ్చే కచేరీకి ఇంకో శాలువా వచ్చేది. సిగ్గేసేది, కానీ చేపలు బాగుండేవి.

ఇక మహా సన్మాన సభ వచ్చింది. శ్రోతలందరూ ఎప్పటిలాగే రాజుగారి తల వంక చూస్తున్నారు. అది ఊగితే చప్పట్లు. మాత్యాష్ రెక్కలాడిస్తున్నాడు. మధ్యలో అతనికి ఏదో తేడాగా తోచింది. వెనక డోలు లేదు, బూర లేదు. ఒక్క గొంతు మాత్రం "బెక" మంటోంది.

అతనిక ఆగలేకపోయాడు. వెనక్కి తిరిగాడు.

వేదిక ఖాళీ. మండోదరమ్మ ఒక్కతే కూర్చునుంది.

"అందరూ ఏరమ్మా?"

"ఎప్పుడో పోయారు నాయనా. వాయించినా అవే చప్పట్లు, మానేసినా అవే చప్పట్లు. ఇంకెందుకూ?"

"మరి మీరు?"

"నువ్వు ఒక్కసారైనా ఇటు తిరుగుతావేమోనని."

మాత్యాష్‌కు ఏడుపొచ్చింది. శాలువాలు విదిలించి పారేసి, ఆమె కోసం రెక్క ఎత్తాడు. ఆమె శ్రుతి పట్టింది. దూరంగా చెట్టు మీద వడ్రంగిపిట్ట ఆ రెక్కను చూసి డోలందుకుంది. కీచురాళ్ళు కలిశాయి. వాగు అవతల నుంచి ఏనుగు బూర, సరిగ్గా రెక్క దిగినచోట, వచ్చి కలిసింది. కాసేపే గానీ, ఆ అడవి అంతకుముందు అలాంటిది విననేలేదు. జింకలు మేత మరిచిపోయాయి, రాజుగారు కాసేపు ఆచారమే మరిచిపోయారు.

"వీపు!" అని గర్జించి సింహరాజుగారు దూకారు.

మాత్యాష్ మండోదరమ్మను సుతారంగా ముక్కున కరుచుకుని పైకి లేచాడు. రాజుగారి నోట్లోకి తోక ఈకలు మాత్రమే వచ్చాయి. కొండ అవతలి చెరువులో ఆమెను భద్రంగా దింపి, బోసి తోకతో పడమటికి సాగిపోయాడు. ఈకలు పోయిన బాధ అతనికి లేదు. దారి పొడవునా ఆ బూర చెవుల్లో మోగుతూనే ఉంది.

"షరతు ఉల్లంఘించి సభ్యురాలిని భోంచేశాడు" అని సుభాషితరావు ప్రకటన చేసి, మర్నాడే హాసరాజును నియమించాడు.

హాసరాజు వేదికెక్కి రాజుగారి ముఖంలోకి చూశాడు. రాజుగారి పళ్ళ సందున తెల్ల ఈకొకటి ఇరుక్కుని అల్లల్లాడుతోంది. అతనికి నవ్వొచ్చింది. దుమ్ములగొండి నవ్వు మొదలైతే ఆగదు. అతనితోపాటే ఆగింది.

మూతి తుడుచుకుంటూ సింహరాజుగారు, "వీణ్ణి తెచ్చిందెవరు?" అన్నారు.

సుభాషితరావుకు పరుగు తీయాలని ఉంది. కానీ పరుగు తీయాలంటే వీపు చూపించాలి. దండాలు పెడుతూ, పళ్ళికిలిస్తూ, వెనక్కి వెనక్కి నడిచి గోతిలో పడ్డాడు. సింహరాజుగారికి తొందరేం లేదు. నింపాదిగా వచ్చారు.

నీతి: రాజుగారికి వీపు చూపించరాదు, చూపించక తప్పదనిపిస్తే, ముందు రెక్కలున్నాయో లేదో తడుముకోవాలి.