ప్లగ్గు లేకుండా వెలిగిన లాంప్

'ఇంటింటా సురక్షిత మరమ్మతు' పథకాన్ని గృహభద్రతా మంత్రిగారు తమ ఇంటి నుంచే, తమ చేతులతోనే, తమ టేబుల్ లాంప్‌తోనే ప్రారంభిస్తారని ప్రకటన వెలువడింది. పాడైన లాంప్‌ను పౌరుడు ఎవరి సాయమూ లేకుండా, ప్రాణం మీదికి తెచ్చుకోకుండా ఎలా బాగుచేసుకోవాలో ఆయన టీవీలో లైవ్‌గా చూపిస్తారు. ఇన్నాళ్లూ ఈ దేశంలో వెలుగు ఎందుకు కొరవడిందో మంత్రిగారు ఒక్కరే కనిపెట్టగలిగారని పార్టీ పత్రిక రాసింది.

ప్రకటన తయారుచేసినవాడు మంత్రిగారి పి.ఎ. అది పత్రికలకు పంపేశాక మంత్రిగారి ఇల్లంతా గాలించాడు. గదికొక లాంప్ ఉంది గానీ, పాడైనది ఒక్కటీ లేదు.

"ఒక్కటి కూడా లేదా?" మంత్రిగారు నొచ్చుకున్నారు.

"పాడైనరోజే పారేసి కొత్తది తెప్పిస్తున్నారు సార్."

"మరి నేను జనంలో ఒకణ్ణని ఎలా చెప్పుకోనయ్యా?"

పి.ఎ. బాధ వేరు. అతను అంతకుముందు ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేశాడు. ముగ్గురూ మాజీలయ్యారు. ఆఫీసులో అందరూ అతన్ని చాటుగా ఐరన్ లెగ్ అంటారు. శుక్రవారం మంత్రివర్గంలో మార్పులున్నాయి. ప్రభుత్వాన్ని నడిపే పెద్దాయన ఎవరెవరిని పీకేస్తారో ఆయనకే తెలియాలి. ఈ మంత్రి కూడా మాజీ అయితే పి.ఎ.ని పాత ఫైళ్ల గోదాములో పడేస్తామని పై అధికారి నవ్వుతూ చెప్పాడు. ఆ ఆఫీసులో నవ్వుతూ చెప్పినవే అమలవుతాయి.

అందుకని పి.ఎ. తన ఇంట్లో లాంప్‌నే చంకన పెట్టుకు బయల్దేరాడు. భార్య స్కూల్లో లెక్కల టీచరు. ఆ లాంప్ కిందే పిల్లల పేపర్లు దిద్దుకునేది.

"అది వెలగట్లేదని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నాను. ఇవాళ కనిపించిందా మీ కంటికి?"

"మంత్రిగారు బాగుచేస్తారట."

"దానికి మంత్రెందుకండీ? అడుగున వైరు తెగింది, అంతే. ముందు ప్లగ్గు పీకాలి. బల్బు చల్లారాక తీసి పక్కన పెట్టాలి. తెగిన ముక్క కోసేసి మళ్లీ బిగించాలి. వైరు పైతొడుగు పగుళ్లిచ్చి ఉంటే మాత్రం టేపు చుట్టి ఊరుకోకూడదు, మొత్తం మార్చేయాలి. మీరు తీరిగ్గా కూచునే రోజొస్తుందేమోనని ఆగాను గానీ, లేకపోతే నేనే చేసుకునేదాన్ని."

పి.ఎ. చివరి వాక్యం వదిలేసి మిగతాదంతా రాసుకున్నాడు. మంత్రిగారి చారిత్రక ప్రసంగం అదే.

శాఖ ఇంజనీరుకి విషయం తెలిసి పరుగెత్తుకొచ్చాడు.

"మంత్రిగారు తెగిన వైరు ముట్టుకుంటారా?"

"ప్లగ్గు పీకాకే ముట్టుకుంటారు. ప్రసంగంలో మొదటి మాటే అది."

"ఆయన ఎప్పుడైనా మొదటి మాట మీద నిలబడ్డారా?"

పి.ఎ. లాంప్ ఇచ్చేశాడు. ఇంజనీరు లాంప్‌ని లోపలికి తీసుకెళ్లి, కరెంటుతో దానికున్న సంబంధబాంధవ్యాలన్నీ తెంచేసి, మెడలో రెండు పెన్సిల్ బ్యాటరీలూ చిన్న బల్బూ అమర్చాడు. పైనున్న స్విచ్చు నొక్కితే వెలుగుతుంది. అడుగున తెగిన వైరు తెగినట్టే ఉంది. దేశంలోకెల్లా ఇంత సురక్షితమైన లాంప్ లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు. ఇదేదీ మంత్రిగారికి చెప్పలేదు. తెలిస్తే ముఖంలో సహజత్వం పోతుందని భయం.

లైవ్ మొదలైంది. మంత్రిగారు ప్లగ్గు పీకారు. కార్యకర్తలు చప్పట్లు కొట్టారు. స్క్రూడ్రైవర్ మొదట తలకిందులుగా పట్టుకున్నారు గానీ, అదీ భద్రతలో భాగమేనని యాంకర్ వివరించింది. వైరు బిగించి, మూత పెట్టి, స్విచ్చు నొక్కారు. లాంప్ వెలిగింది. మంత్రిగారి కళ్లు చెమర్చాయి.

అప్పుడు చూశాడు పి.ఎ. ప్లగ్గు ఇంకా టేబుల్ మీదే ఉంది. దాన్ని మళ్లీ పెట్టాలన్న ముక్క తను రాయనేలేదు. కెమెరా ప్లగ్గునీ లాంప్‌నీ తీరిగ్గా చూపించింది.

మర్నాడు పత్రికలన్నీ అదే రాశాయి. 'ప్లగ్గు లేకుండా వెలుగు: మంత్రి ఘనత'. ఇది పక్షపాతమనీ, అలాంటి లాంపులు తమ నియోజకవర్గాలకూ ఇవ్వాలనీ ప్రతిపక్షం ధర్నా చేసింది.

"కొందరి హస్తవాసి అంతేనయ్యా," అన్నారు మంత్రిగారు అరచేతులు చూసుకుంటూ.

"మన లాంపేదీ?" ఇంట్లో భార్య అడిగింది.

"జాతికి అంకితం చేశారు."

ఆవిడ పేపర్లు తీసుకుని వంటింటి లైటు కిందికి వెళ్లి కూచుంది. పి.ఎ.కి సిగ్గేసింది. కానీ శుక్రవారం దగ్గరపడుతోంది.

శుక్రవారం ఉదయమే పెద్దాయన నుంచి కబురొచ్చింది. తన టేబుల్ లాంప్ కూడా పాడైందట, మంత్రిని చేతులతో సహా రమ్మన్నారు. అది మామూలు లాంప్ కాదు. పెద్దాయన ప్రజల కోసం దాని వెలుగులో నిద్ర మానుకుని ఫైళ్లు చదివే పోస్టరు ప్రతి గోడ మీదా ఉంది.

"సార్, ఒంట్లో బాగాలేదని చెబుదామా?" పి.ఎ. ప్రాధేయపడ్డాడు.

"భలేవాడివే. వేళ్లు దురదపెడుతున్నాయి, పద."

పెద్దాయన గదిలో మంత్రులంతా గోడల వారగా కూర్చుని ఉన్నారు. "పన్నెండింటికి జాబితా చదువుతాను. ఈలోగా దీని సంగతి చూడు," అని పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని దేశం గురించి ఆలోచించసాగారు. కాసేపటికి ఆలోచన గురకలోకి దిగింది.

మంత్రిగారు ప్లగ్గు పీకి, లాంప్ అడుగు మూత విప్పారు. వైరు పైపైకే ఉంది, లోపలికి రాలేదు. పచ్చగా చిలుం పట్టిన పెన్సిల్ బ్యాటరీలు రెండున్నాయి.

"ఇదేంటయ్యా, ఇందులో కరెంటు ఏదీ?" మంత్రిగారు గొణిగారు.

పి.ఎ. నోటి మీద వేలు పెట్టి చూపించాడు. ఇక ఈ గదిలోంచి తన అడుగులు తిన్నగా గోదాముకేనని అతనికి అర్థమైంది. చుట్టూ చూశాడు. మూలనున్న స్టూలు జరిపి, ఎక్కి, గోడగడియారం వెనక నుంచి రెండు బ్యాటరీలు తీశాడు. మంత్రులందరూ చూశారు. జాబితా పెద్దాయన జేబులో ఉంది కాబట్టి అందరూ పైకప్పు వంక తిరిగారు.

పాత బ్యాటరీలు రుమాల్లో చుట్టి తీశాడు, చిలుం తుడిచాడు, గడియారంలోవి వేశాడు, మూత బిగించాడు. మంత్రిగారు స్విచ్చు నొక్కారు.

వెలుగు ముఖాన పడగానే పెద్దాయన కళ్లు తెరిచారు. లాంప్‌ని చూసి సంతోషించారు. జాబితా కోసం జేబులో చెయ్యి పెట్టి, గడియారం చూసి, చెయ్యి తీసేశారు.

"ఇంకా పావుగంట ఉంది," అని ఒక ఫైలు తెరిచారు.

మధ్యాహ్నం దాటింది. ఎవరూ భోజనానికి లేవలేదు. కిటికీలో ఎండ పసుపు తిరిగి, ఎర్రబడి, పోయింది. పెద్దాయన తలెత్తి గడియారం చూశారు.

"ఇంకా పావుగంట ఉందయ్యా. ఎందుకలా కంగారు పడతారు?"

"అవును సార్, ఇంకా పావుగంట ఉంది," అన్నాడు పి.ఎ.

గోడల వారగా కూర్చున్న మంత్రులు ఒక్కొక్కరే చేతి గడియారాలు విప్పి, ముళ్లు వెనక్కి తిప్పుకున్నారు.