టీచర్ల పాత్ర మీద పరిశోధన

ఆ రోజు బాలకృష్ణ సార్ వేసుకున్న ప్లాన్ చాలా మామూలుది. మధ్యాహ్నం అన్నాల బెల్లు కాగానే ఊరి పెద్దమనిషి బుచ్చయ్య ఇంటికి వెళ్లాలి, షామియానా గుంజలు గట్టిగా పాతారో లేదో చూడాలి, మళ్లీ బెల్లు కొట్టేలోపు బడిలో ఉండాలి. ఆత్మకూర్ దాటాక కృష్ణా నది వైపు వెళ్లే దారిలో ఉన్న ఆ ఊరి హైస్కూల్లో ఆయన సోషల్ టీచరు. అదే ఊళ్లోని కోమల టెంట్ హౌస్ ఆయన భార్య పేరున ఉంది. పేరొక్కటే కోమలది. కుర్చీలు, మైకులు, వంట సామాను, వాటి ఫికరు అంతా సారుదే. సర్కారు నౌకరీ చేసేవాళ్లు వ్యాపారం చేయకూడదని తెలుసు కాబట్టి, ఊరందరికీ తెలిసిన ఆ సంగతిని ఎవరికీ తెలియనట్టే నడుపుకొస్తున్నాడు.

బుచ్చయ్య మనవరాలిని ఊయలలో వేసే తొట్టెల ఫంక్షన్‌కు అన్నం వండే పెద్ద బగోన కావాల్సి వచ్చింది. టెంట్ హౌస్ బగోనకు చిల్లు పడింది. దాంతో బడిలో మధ్యాహ్న భోజనం వండే బగోన ముందురోజే బుచ్చయ్య ఇంటికి చేరింది. ఆ సంగతి వంట చేసే సాలమ్మకు తప్ప బడిలో ఎవరికీ తెలియదు.

ప్రార్థన అయ్యాక హెడ్‌మాస్టర్ ఎల్లస్వామి స్టాఫ్‌రూంలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"హైదరాబాద్ నుంచి ఒక మేడం వస్తున్నది. పై ఆఫీసుల పర్మిషన్ గూడ తెచ్చుకున్నది. మన బడిల టీచర్ల పాత్ర మీద పరిశోధన చేస్తదట."

ఫలానా కేసులో ఫలానావారి పాత్ర అని పేపర్లో రాసేది బాలకృష్ణకు గుర్తొచ్చింది.

"దేంట్ల పాత్ర సార్?"

"గదే చెప్పలే. ఫోన్ సరిగ వినవడలే. నైపుణ్యాలు అన్నది, వృత్తి అన్నది."

"వృత్తి అన్నదా?" అన్నాడు బాలకృష్ణ.

"ఇంకో వృత్తి ఉన్నోళ్లను పట్టనీకి గావచ్చు," అంది లెక్కల టీచరు లీలమ్మ, ఎటో చూస్తూ.

"మీరు సాయంత్రం ఇంటికాడ పిల్లలకు లెక్కలు చెప్తలేరా మేడం?" అన్నాడు బాలకృష్ణ.

"నేను ఉత్తగనే చెప్తున్న!"

"ఉత్తగని గామెకెట్ల తెలుస్తది? ట్యూషన్ అనుకుంటది."

లీలమ్మ ముఖం మాడిపోయింది. హెడ్‌మాస్టర్‌కూ తన సంగతి గుర్తొచ్చింది. జ్వరం వచ్చిన పిల్లల్ని బడి వేళలోనే తన బండి మీద దవాఖానకు తీసుకెళ్తుంటాడు. అది బడి ఎగ్గొట్టి తిరగడం కిందికి వస్తుందేమో! అందరూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. ఏం అడిగినా ఒకటే జవాబు: పాఠం చెప్తం, ఇంటికి పోతం.

నిహారిక అనే ఆ పరిశోధకురాలు బస్సు దిగి నడుచుకుంటూ వచ్చింది. చిన్న వయసు, భుజాన సంచి, నవ్వు ముఖం. ఆ నవ్వే బాలకృష్ణకు అనుమానం కలిగించింది. పట్టుకోవడానికి వచ్చినవాళ్లే ముందు నవ్వుతారని ఆయన నమ్మకం. ఆమె మొదట ఆయన దగ్గరే కూర్చుంది.

"పాఠం చెప్పడం కాక ఇంకా ఏమేం పనులు చేస్తుంటరు సార్?"

"ఏం చెయ్య మేడం. పాఠం చెప్త, ఇంటికి పోత."

"ఇంటికి పోయినంక?"

"పండుకుంట."

"మీకు ఏమేం నైపుణ్యాలు ఉన్నయనుకుంటున్నరు?"

"నాకు ఏ నైపుణ్యం లేదు మేడం. కావాలంటే ఊళ్లె ఎవరినన్న అడుగుర్రి," అన్నాడు. అని, ఊళ్లో అడగమన్నందుకు తనను తానే తిట్టుకున్నాడు. "ఊళ్లె అడిగినా ఎవ్వరు చెప్పరు లెండి."

నిహారిక లీలమ్మను అడిగింది, హెడ్‌మాస్టర్‌ను అడిగింది. వాళ్లూ పాఠం చెప్తారు, ఇంటికి పోతారు. లీలమ్మ కూడా ఇంటికి పోయి పండుకుంటుంది. ముగ్గురి జవాబూ మాట పొల్లు పోకుండా ఒకటే అయ్యేసరికి ఇప్పుడు అనుమానం నిహారికకు పట్టుకుంది. వీళ్లు ఏదో దాస్తున్నారు! ఆమె లేచి బడి వెనక్కి బయలుదేరింది.

బాలకృష్ణ అంతకంటే ముందే పరుగున వంటగదికి చేరాడు. సాలమ్మ చిన్న గిన్నెలో రెండో వాయి అన్నం వండుతూ చెమటలు కక్కుతోంది.

"సారూ, గామె పాత్రల మీద వచ్చిందంట గద? పాత్రలంటే గిన్నెలే గద? బగోన యాడుందంటె నేనేం జెప్పాలె?"

ఆయన నోరు తెరిచేలోపే నిహారిక వచ్చేసింది. పిల్లల భోజనాల దగ్గర టీచర్లు ఏం చేస్తారో తెలుసుకుందామని, "ఇక్కడ టీచర్ల పాత్ర ఏంది అమ్మా?" అని అడిగింది.

"టీచర్ల పాత్ర ఈడ లేదు బిడ్డా," అంది సాలమ్మ తడుముకోకుండా. "కడగనీకి పోయింది."

నిహారిక కాసేపు ఆమెనూ, కాసేపు బాలకృష్ణనూ చూసింది. బాలకృష్ణ మెల్లగా గోడ పక్కకు జరిగి టెంట్ హౌస్‌లో పనిచేసే సాల్మన్‌కు ఫోన్ చేశాడు.

"బగోన బడికి తే. ఇప్పుడే తే. ఒక్క మాట అడగకు, ఉన్నది ఉన్నట్టు తే!"

సాల్మన్ చెప్పిన మాట తు.చ. తప్పకుండా చేసే మనిషి. అన్నాల బెల్లు కొడుతుండగా ట్రాలీ ఆటో గేటులోంచి లోపలికి వచ్చింది. దాని మీద కోమల టెంట్ హౌస్ అని రాసి ఉంది. అందులో బగోన ఉంది. బగోన నిండా పొగలు కక్కే బగార అన్నం ఉంది. వాసనకు పిల్లలు వరుస తప్పి ఆటోను చుట్టుముట్టారు.

"గిదేందిరా?" అన్నాడు బాలకృష్ణ పళ్లు కొరుకుతూ.

"ఉన్నది ఉన్నట్టు తెమ్మన్నవు గద సార్."

"ఇది ఎక్కడిది సార్?" అని నిహారిక అడిగింది. ఒక అబద్ధం కోసం ఆయన చుట్టూ చూశాడు. దొరికింది చెప్పేశాడు.

"మా ఊరి బుచ్చయ్య అని పెద్దమనిషి మేడం. మనవరాలి తొట్టెల ఉన్నదని పిల్లలకు అన్నం పంపిండు."

ఆ మాట విన్న ఎల్లస్వామికి కళ్లు చెమ్మగిల్లాయి. బుచ్చయ్య పరుల పిల్లలకు అన్నం పెట్టడం ఆ ఊళ్లో ఎవరూ కనీ వినీ ఎరుగరు. హెడ్‌మాస్టర్ వెంటనే మైకు తెప్పించాడు. పళ్లేలు పడ్డాయి. వడ్డన మొదలైంది. అప్పుడే బుచ్చయ్య, వెనుక అల్లుడు, ఇంకొందరు చుట్టాలు బండ్ల మీద దూసుకొచ్చారు.

"యాడున్నడు వాడు! నా బగార..." అంటూ బుచ్చయ్య గేటు దాటాడు.

"దాత వచ్చిండు! చప్పట్లు కొట్టుర్రి!" అన్నాడు హెడ్‌మాస్టర్ మైకులో.

బడంతా చప్పట్లతో మోగింది. ఆగస్టు పదిహేనుకు తెచ్చి మిగిలిపోయిన శాలువా బుచ్చయ్య భుజాల మీదికి వచ్చింది. ఒక చిన్నపిల్ల వచ్చి కాళ్లు మొక్కింది. తిట్టడానికి తెరిచిన నోటిని ఏం చేయాలో తెలియక బుచ్చయ్య కాసేపు అలాగే ఉంచుకున్నాడు. నిహారిక ఫోన్‌తో ఫోటో తీసింది.

"తినుర్రి బిడ్డా, తినుర్రి," అన్నాడు చివరికి. తర్వాత బాలకృష్ణ చెవిలో, "ఇంటికాడ చుట్టాలకు ఏం బెట్టాలె సారూ? నిన్నా?" అన్నాడు.

ఇంక దారి లేదు. సాలమ్మ వండిన అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్లు అదే ఆటోలోకి ఎక్కాయి. దాత ఇంట్లో వడ్డించడం మన ధర్మమని హెడ్‌మాస్టర్ లీలమ్మనూ బాలకృష్ణనూ వెంట పంపాడు. నిహారిక కూడా ఎక్కింది. షామియానా కింద విస్తరి ముందు కూర్చున్న చుట్టాలు గుడ్డును అటూ ఇటూ తిప్పి చూశారు. పప్పు బాగుందన్నారు. లీలమ్మ చీర కొంగు నడుముకు దోపి వరుసల్లో పప్పు వేస్తోంది. నిహారిక కూడా గరిటె పట్టింది.

బాలకృష్ణకు ఇంక ఓపిక లేకపోయింది. అన్నం బుట్ట కింద పెట్టి ఆమె ముందు నిలబడ్డాడు.

"మేడం, ఈ టెంట్ నాదే. బగోన బడిది. నేనే ఇచ్చిన. లీలమ్మ మేడం ట్యూషన్ చెప్పదు, ఉత్తగనే చెప్తది. మా హెడ్‌మాస్టర్ దవాఖానకే పోతడు, తిరగనీకి పోడు. ఏం రాసుకుంటరో నా ఒక్కని మీద రాసుకోండి."

నిహారిక గరిటె పట్టుకునే నవ్వింది. ఈసారి ఆ నవ్వులో ఆయనకు ఏ అనుమానమూ కనిపించలేదు.

"నేను విజిలెన్స్ కాదు సార్. మాది గీ దిక్కు పానగల్ ఊరే. పీహెచ్‌డీ చేస్తున్న. పాత్ర అంటే బడిల మీరు మోస్తున్న పనులు, అంతే. నా థీసిస్‌ల ఎవరి పేర్లు గూడ ఉండయి. పొద్దటి సంది నేను అడిగింది ఇదే, మీరు చెప్పంది గూడ ఇదే."

బాలకృష్ణ కుర్చీలో కూలబడ్డాడు. ఆ సాయంత్రం బడి అరుగు మీద టీచర్లంతా ఆమె చుట్టూ చేరి, ఆపినా ఆగకుండా తాము చేసే పనులన్నీ చెప్పారు. ఆఖరి బస్సు దొరకడమే ఆమెకు గగనమైంది.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. కానీ నిహారిక పంపిన ఫోటోను హెడ్‌మాస్టర్ పేపరు విలేఖరికి ఇచ్చాడు. శాలువాతో బుచ్చయ్య బొమ్మ జిల్లా పేజీలో పడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన పేరు పేపర్లో రావడం అదే మొదటిసారి. మరునాడు ప్రార్థన వేళకే ఆయన ఆ శాలువా కప్పుకొని బడి వరండాలో కూర్చున్నాడు.

"దాత అన్నంక జర చూసుకోవాలె గద సారూ," అన్నాడు బాలకృష్ణతో. "ఎవలు ఎప్పుడొస్తున్నరు, ఎప్పుడు పోతున్నరు. మీరు అన్నాల బెల్లుకు బయటికి పోతరంట గద, ఎందుకు?"

నిహారిక పరిశోధన ముగించి డాక్టరేట్ కూడా తీసుకుంది. బుచ్చయ్యది మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.